నాది కాని వాక్యం

మొన్న ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూపకపోయేసరికి, ఇనుప బీరువా అడుగున దాచిన నా పాత నోటుబుక్కులకు చెమ్మ వాసన పట్టింది. ఐదో రోజు కాస్త తెరిపి ఇవ్వగానే డాబా మీద చాప పరిచి పదకొండింటినీ వరసగా ఆరేశాను. సెలవులకు వచ్చిన మా మనుమరాలు నాకు సాయం చేస్తున్నట్టే చేస్తూ, ఒక చేత్తో ఫోను నొక్కుకుంటూ, ఇంకో చేత్తో ఒక పుస్తకం తిప్పి చూసింది. ముందు నుంచి తెరిస్తే జాకెట్ల కొలతలు, వెనక నుంచి తెరిస్తే సన్నటి అక్షరాలతో పేజీలకు పేజీలు రాత, ఆ రాత పక్కన పెన్సిలుతో సున్నాలు, అడ్డగీతలు, ప్రశ్నార్థకాలు.

"అవ్వా, గీ సున్నాలేంది, గీ గీతలేంది?" అని అడిగింది. సున్నా ఉన్నది వేరేవాళ్ళ మాట, గీత ఉన్నది నా మాట, ప్రశ్నార్థకం పెట్టింది ఎవరిదో తేలనిది అని చెప్పాను. ఆమె నవ్వి, "ఎవరిదైతే ఏమాయె అవ్వా, నా కాలేజీ ప్రాజెక్టు ఇగో, నువ్వు చాప పరిచేలోపు పది పేజీలు ఫోనే రాసిచ్చింది" అంది. ఆ పిల్లను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. కానీ ఆ మాట వినగానే, రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను నెల రోజులకు పైగా అన్నం తిననివ్వని భయం, పోయిందనుకున్న భయం, ఎండలో ఆరేసిన ఆ కాగితాల మధ్య నుంచి మళ్ళీ తల ఎత్తింది.

నా ఈడు వాళ్ళకు వివరించనక్కరలేదు గాని, మా రోజుల్లో నేను వెళ్ళే లైబ్రరీ నుంచి పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సర్కారు కొలువులో ఉన్న మనిషెవరైనా జామీను సంతకం పెట్టాలి. కట్టంగూర్‌లో కుట్టుమిషను తొక్కుకునేదాన్ని, బావులు తవ్వే కూలీ బిడ్డను, హైవే పక్కన లారీలకు పంక్చర్లు వేసే మనిషి భార్యను, నాకు సంతకం పెట్టే సర్కారు మనిషి ఎక్కడ దొరుకుతాడు? అడిగితే ఎవరైనా పెట్టేవాళ్ళేమో, అడగడానికి నాకే నోరు రాలేదు. అందుకని వారానికోసారి దారాలకూ లైనింగు బట్టకూ నల్గొండ పోయినప్పుడు, ఆ పని గబగబా ముగించుకుని, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, నచ్చిన చోటల్లా పుస్తకాన్ని నా కొలతల నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని. కాగితం వృథా కాకూడదని ముందు నుంచి కొలతలు, వెనక నుంచి పుస్తకాలు. రెండూ మధ్యలో కలిసినప్పుడు కొత్త నోటుబుక్కు. పదో తరగతి లెక్కల్లో తప్పిన నేను, కొండలు ఎలా పుట్టాయో, దూరదేశాల రాజులు ఎందుకు కూలిపోయారో, మన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుందో అన్నీ ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

అయితే పుస్తకం పేరు రాసుకోవాలని, పేజీ నంబరు వేసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. రాసుకోవడం నాకు ఇంటికి తెచ్చుకోవడంతో సమానం. దాహమైన మనిషి దోసిట్లో నీళ్ళు పట్టుకున్నప్పుడు అవి ఏ చెరువువని అడగడు కదా. పైగా ఇంటికి పోయే బస్సులో, మిషను ముందు, చదివినదాని మీద నాకు తోచిన మాటలు కూడా అదే వరసలో, అదే సిరాతో రాసేదాన్ని. నా మాటకూ వాళ్ళ మాటకూ మధ్య ఒక గీత గీయాలన్న ఊహే రాలేదు. ఎన్నో ఏళ్ళకు, గీయని ఆ గీతే నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు ఎలా తెలుస్తుంది?

పిల్లల పెళ్ళిళ్ళయ్యాక, ప్రవేశ పరీక్ష రాసి దూరవిద్యలో బీఏ పూర్తిచేశాను. ఆ తర్వాత హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం లిబరల్ స్టడీస్ అని ఒక ఎం.ఏ. పెట్టిందని పేపర్లో చదివాను. చరిత్ర ఒక్కటే కాదు, సాహిత్యం ఒక్కటే కాదు, శాస్త్రం, సమాజం, కళలు, అన్నీ కలిపి ఒకే ప్రశ్న చుట్టూ చదువుకోవచ్చునట. నేను జీవితమంతా ఏ వరసా లేకుండా చదివిన చదువుకు ఒక పేరు ఉందని, దానికి పట్టా కూడా ఇస్తారని తెలిసిన రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మా ఆయన మాత్రం చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "గదో ముక్క, గిదో ముక్క, గీ బొంత చదువేందే నీకు?" అని నవ్వాడు. నవ్వినా, ప్రతి ఆదివారం పొద్దున్నే నన్ను హైవే మీదికి తీసుకుపోయి బస్సు ఆపింది ఆయనే. క్లాసులో నాకంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. మొదటి మూడు ఆదివారాలు నేను నోరు విప్పలేదు. నాలుగోసారి రాళ్ళ పొరల మీద ఏదో అడిగితే జవాబు చెప్పాను, అందరూ వెనక్కి తిరిగి చూశారు. అప్పుడు కూడా గుండె దడదడలాడింది గాని, అది వేరే రకం దడ.

చివరి సంవత్సరం ఒక పెద్ద వ్యాసం రాసి పుస్తకంలా కట్టించి ఇవ్వాలి, దాని మీద మౌఖిక పరీక్ష ఉంటుంది. నేను మా చుట్టుపక్కల ఊళ్ళ పాత మోటబావుల మీద రాస్తానన్నాను. బండ పొరల సంగతి, నీళ్ళ గుణం, తవ్విన కూలీల చరిత్ర, చేదుకునేటప్పుడు ఆడవాళ్ళు పాడుకున్న పాటలు, ఎవరు ఏ బావి గట్టు ఎక్కకూడదన్న కట్టుబాట్లు, అన్నీ అందులోకి వస్తాయి. మా బాపు బతుకంతా ఆ బావుల్లోనే గడిచింది. నా కూతురి కంటే చిన్నదైన మా గైడు మేడం ఆ మాట విని, ఇదే రాయండి అమ్మా, ఇది మీరే రాయాలి అంది.

రాశాను. పదకొండు నోటుబుక్కులు ముందేసుకుని, ఏడాది పాటు రాశాను. మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: "బావి తవ్విన చేతులకు ఆ బావిలో బొక్కెన వేసే హక్కు లేని ఊళ్ళో నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే, ఆ తీపిని నమ్మకూడదు." మా మేడం ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, ఈ ఒక్క మాటకే మీకు పట్టా ఇవ్వొచ్చు అంది. బస్సులో ఇంటికి వస్తూ ఆ వాక్యాన్ని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అది మా బాపు నోట రాని మాట, నా చేత పలికించాడనుకున్నాను.

వ్యాసాన్ని కంప్యూటరుతో పరీక్షించారు. ఎక్కడి నుంచైనా ఎత్తిరాశారేమో అది పట్టేస్తుందట. నాది శుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో అయిదు ప్రతులు కట్టించి ఇచ్చాను. మా ఆయన ఒక ప్రతిని దుకాణంలో పెట్టుకుని, ఆగిన లారీ డ్రైవర్లకు కూడా చూపించాడు.

మౌఖిక పరీక్షకు ఇంకా నెలా పది రోజులుందనగా, అడిగితే తడబడకూడదని, పాత పుస్తకాలు మరోసారి తిరగేద్దామని నల్గొండ పోయాను. నా కిటికీ బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. పాతవి వెనక గదిలో కట్టలు కట్టి పెట్టారని, కావాలంటే చూసుకొమ్మని లైబ్రేరియన్ తాళం తీశాడు. రెండో కట్ట విప్పాను. అందులో ఒక పలచటి పుస్తకం, అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, లోపల ఊదారంగు ముద్ర, ఒక నంబరు మాత్రం ఉన్నాయి. ఎక్కడో చూసినట్టుంది అనుకుంటూ మధ్యలో తెరిచాను.

బావి తవ్విన చేతులకు, అని మొదలైంది. ఆ వాక్యం ఒక్కటే కాదు, దాని ముందు పేరా, దాని వెనక పేరా, మొత్తం రెండున్నర పేజీలు, కామాలతో సహా నా మూడో అధ్యాయమే.

ఆ గదిలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయట ఎవరో పిల్లవాడు కుర్చీ జరిపితే, నన్ను పట్టుకోవడానికి లేచాడనుకున్నాను. పుస్తకం మూసి, కట్టలో అడుగున పెట్టి, తాడు బిగించి, పైన ఇంకో కట్ట పెట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఆ క్షణంలో నేను చేసిన పని దొంగ సొమ్ము దాచేవాళ్ళు చేసే పనే.

ఇంటికి వచ్చి నోటుబుక్కులు తీశాను. ఆ రెండున్నర పేజీలు అయిదో నోటుబుక్కులో ఉన్నాయి, నా చేతిరాతలో, ఎవరిదో పెళ్ళి జాకెట్టు కొలతలకు అవతలి వైపున. దాని కింద మా బాపు గురించిన నా మాటలు. ఎక్కడ వాళ్ళది అయిపోయి నాది మొదలైందో నాకే తెలియడం లేదు. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఒక వాక్యం దొరికింది సరే, దొరకనివి ఎన్ని? క్లాసులో అందరూ వెనక్కి తిరిగి చూసిన ఆ జవాబు నాదేనా? మా బాపు మీద నాకున్న ప్రేమ కూడా ఎవరో రాసిందే నేను ఎక్కించుకున్నానా? పెన్సిలు తీసుకుని సున్నాలు, గీతలు పెట్టడం మొదలుపెట్టాను. పేజీ తిప్పిన కొద్దీ ప్రశ్నార్థకాలే ఎక్కువయ్యాయి. మిషను తొక్కుతుంటే సూది వేలిలో దిగింది. వీధిలో పోస్టుమాను సైకిలు ఆగితే విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చిందేమోనని వంటింట్లోకి పోయి నిలబడేదాన్ని. పరీక్షకు వచ్చే ప్రొఫెసరు ముసలాయనని, పాత తెలుగు పుస్తకాలు ఆయన చదవనివి లేవని విన్నాను. మొదటి పేరా చూడగానే పట్టుకుంటాడు. పట్టుకుంటే నా పట్టా ఒక్కటే పోదు, నా చదువంతా దొంగ చదువవుతుంది, దుకాణంలో ఆ నల్ల అట్ట పుస్తకం పెట్టుకుని కూర్చున్న మా ఆయన మొహం ఏమవుతుంది?

చివరికి ఆయనకే చెప్పాను. ఆయన ట్యూబు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తూ అంతా విన్నాడు. "కంప్యూటరే ఒప్పుకున్నంక నీకేం పుట్టిందే? ఆ పుస్తకం రాసినాయన లేసొచ్చి అడుగుతడా? సప్పుడు చెయ్యక ఊకో" అన్నాడు. కాసేపాగి, "గా లైబ్రరీల కట్ట మీద ఇంకో నాలుగు కట్టలు పెట్టి రాకపోయినవా" అని కూడా అన్నాడు. నవ్వించడానికే అన్నాడు, నాకు ఏడుపు వచ్చింది. ఎందుకంటే ఆ ఆలోచన నాకు అప్పటికే రెండుసార్లు వచ్చింది.

మా అత్తకు చదువు రాదు, ఈ గొడవ ఏమీ తెలియదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె పాత బొంత ఎండలో వేసి, చినిగిన చోట కుట్టమని నన్ను పిలిచింది. మా వైపు బొంతంటే ఇంట్లో ఆడవాళ్ళ పాత చీరలన్నీ ముక్కలై చేరేదే. నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆమె ఒక్కో ముక్క మీద వేలు పెట్టి, "గిది మా అవ్వ ముతక చీర. గిది నా పెద్దాడిబిడ్డ సచ్చిపోయినప్పుడు ఆమె పెట్టెల దొరికింది. గీ పచ్చది నీ పెండ్లిది, యాదికున్నదా?" అంటూ పోయింది. ఒక ఎర్ర ముక్క దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. "గిది ఎవలదో యాదికొస్తలేదు బిడ్డా. ఎవలదైతేంది, నాదైతే కాదు" అని ముందుకు పోయింది. ఎనభై ఏళ్ళ మనిషి, తను కుట్టిన బొంతలో తన చీర ఏదో, పక్కవాళ్ళ చీర ఏదో ఆమెకు అనుమానం లేదు. తెలియనిదాన్ని కూడా తనదని అనలేదు. నా చేతిలో సూది అట్లాగే ఆగిపోయింది.

మర్నాడు హైదరాబాదు బస్సెక్కాను. మా మేడం గదిలో కూర్చుని, సంచీలోంచి అయిదో నోటుబుక్కు తీసి చూపించాను. ఆమె మొహం తెల్లబడింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, సంతకం పెట్టింది ఆమె, నా భయంలో ఆమె కూడా ఉందని అప్పటి దాకా నాకు తట్టలేదు. "మీరు ఇది నాకు చెప్పకపోతే నేను హాయిగా ఉండేదాన్ని కదమ్మా" అంది. తర్వాత నోటుబుక్కును చివరి దాకా తిరగేసింది. ఆఖరికి, పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది చూశారా, అలాంటిది రాసి అయిదు ప్రతుల్లోనూ అతికిద్దాం, ఆ తర్వాత పెద్దలు ఏమంటే అది అంది. నేను ఇంటికి వచ్చి, నోటుబుక్కుల్లో సున్నా పెట్టినవన్నీ, అనుమానం ఉన్నవి కూడా, పట్టికగా రాశాను. ఆ వాక్యం ఎదురుగా ఇలా రాశాను: అట్ట లేని పుస్తకం, రచయిత పేరు తెలియదు, నాది మాత్రం కాదు. ఆ పుస్తకంలోని ముద్ర నంబరు కోసం మళ్ళీ పోయి కట్ట విప్పాను. ఈసారి కట్ట పైనే పెట్టి వచ్చాను. ఆ నంబరుకు సంబంధించిన పాత రిజిస్టరు మాత్రం దొరకలేదు.

పరీక్ష రోజు నేను కట్టుకున్న చీర కొంగు చెమటకు తడిసిపోయింది. ప్రొఫెసరు పెద్దాయన, పాలమూరు వైపు మనిషి. పట్టికను మొదటి నుంచి చివరి దాకా, దేన్నీ వదలకుండా చదివాడు. మా మేడం చేతివేళ్ళు బల్ల కింద ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆయన తల ఎత్తి, ఇవన్నీ తీసేస్తే మిగిలినదాంట్లో, ఇది నాదే అని బల్లగుద్ది చెప్పగలిగిన ఒక్క వాక్యం చూపించండి అన్నాడు.

నూట ఎనభై పేజీల పుస్తకం నా ముందు ఉంది. గొప్పగా ఉందనుకున్న ప్రతి వాక్యం దగ్గరా నా వేలు ఆగి, భయపడి, ముందుకు జరిగింది. చివరికి ఎవరూ మెచ్చుకోని, మేడం కూడా కొట్టేద్దామా అని అడిగిన ఒక చిన్న వాక్యం దగ్గర పెట్టాను. "మా బాపు బావిలో నుంచి పైకి వచ్చాక గడ్డపార పట్టిన అరచేతులు విప్పుకోవడానికి కాసేపు పట్టేది." అది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, చూశాను.

ఆయన ఆ వాక్యాన్ని చదివి, "కాసేపంటె ఎంతసేపు?" అని అడిగాడు. అప్పటి దాకా పుస్తకం భాషలో మాట్లాడిన మనిషి ఒక్కసారి మన భాషలోకి దిగేసరికి, నాకు కూడా నా నోరు నాకు తిరిగి వచ్చింది. "నేను అన్నం కలిపి ముద్ద పెట్టేదాంక సారూ. చేతులు తెరుచుకోకపోతుండె, నేనే తినిపిస్తుంటి" అన్నాను. ఆయన పెన్సిలుతో ఆ వాక్యం పక్కన ఒక గీత గీశాడు. "గీ వాక్యం లెక్క మూడో అధ్యాయం మళ్ళ రాసుకొని రాండ్రి. ఇయ్యాల మాత్రం పాస్ చెయ్యను" అన్నాడు.

ఆరు నెలలు పట్టింది. మళ్ళీ రాశాను, ఈసారి నోటుబుక్కులు బీరువాలో పెట్టి, మా బాపుతో బావుల్లో దిగిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాశాను. ఆ గొప్ప వాక్యాన్ని కూడా ఉంచాను, కానీ ఉటంకింపు గుర్తుల మధ్య, కింద ఆ పేరు తెలియని మనిషికి ఒక అధస్సూచిక పెట్టి. ద్వితీయ శ్రేణిలో పట్టా వచ్చింది. మా ఆయన పాత ప్రతి తీసేసి కొత్తది దుకాణంలో పెట్టాడు. రెండిటికీ తేడా ఏముందని అడిగిన డ్రైవర్లకు, మొదటిదాంట్లో బుడగలొచ్చినయ్ అని చెప్పేవాడట.

ఇప్పుడు ఆ మోటబావుల్లో సగానికి పైగా పూడిపోయాయి, నీళ్ళు గొట్టంలో ఇంటికే వస్తున్నాయి, పుస్తకానికి జామీను సంతకం అడిగే మనిషి లేడు. కిందటేడు ఆ అట్ట లేని పుస్తకాన్ని ఒక్కసారి చూడాలనిపించి పోయాను. కట్టలు ఎటో పోయాయి, ఎటు పోయాయో చెప్పగలిగిన వాళ్ళు లేరు. దాని మరో ప్రతి కోసం ఎన్ని చోట్ల అడిగినా లాభం లేకపోయింది. నాకు తెలిసినంతలో ఆ రెండున్నర పేజీలు ఇక నా అయిదో నోటుబుక్కులో, జాకెట్టు కొలతలకు అవతలి వైపున మాత్రమే ఉన్నాయి. ఒకప్పుడు అవి నావి కావని ఎవరైనా పట్టుకుంటారని వణికాను. ఇవాళ నావి కావని చెప్పగలిగిన మనిషిని ప్రపంచంలో నేనొక్కదాన్నే మిగిలానని వణుకుతున్నాను.

సాయంత్రం నోటుబుక్కులు మళ్ళీ బీరువాలో పెడుతూ మా మనుమరాలిని పిలిచి, అయిదో దాంట్లో ఆ పేజీ తెరిచి, పక్కన నేను పెట్టిన సున్నా మీద ఆమె వేలు పెట్టించాను. "ఎవలయి అవ్వా?" అని అడిగింది. ఎవరివో తెలియదు బిడ్డా, మనవైతే కావు, గుర్తుంచుకో అన్నాను.